టోంగాల నీళ్ళలో బయటి చేప

ముంపు అనగానే మనం ఊళ్ళ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి చేపల గురించి రాస్తున్నాం. రిజర్వాయర్‌లో చేప ఎవరిది అన్న ప్రశ్న పోలవరం ముంపు ఊళ్ళకి కూడా రాక తప్పదు.

ఆఫ్రికాలో జాంబేజి నది మీద కరీబా డ్యామ్ ఉంది. ఇటు జాంబియా, అటు జింబాబ్వే. డ్యామ్ కోసం రెండు ఒడ్లలోనూ కలిపి సుమారు 57,000 మంది టోంగాలను లేపేశారు. కదలం అన్నవాళ్ళ మీద 1958 సెప్టెంబరులో పోలీసులు కాల్పులు జరిపితే ఎనిమిది మంది చనిపోయారు. ఆ డిసెంబరులోనే గేట్లు మూశారు. సరస్సు నిండేసరికి 1963 వచ్చింది.

నది చెరువైపోతే చేపలన్నీ ఒకేలా బతకవు. వరదకి ఎదురీది గుడ్లు పెట్టే లేబియో రకాలు తగ్గిపోయాయి. మన శీలావతి వాటి దాయాదే. నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టదు కాబట్టే మన దగ్గర ఏటా పిల్లల్ని వదులుతారు. ఒడ్డు పక్కన లోతు తక్కువున్న చోట గుంట చేసుకుని, గుడ్లని నోట్లో దాచి కాచుకునే తిలాపియాలు మాత్రం అక్కడ నిలదొక్కుకున్నాయి. మునిగిన చెట్టూచేమా కుళ్ళి నీటికి బలమిచ్చిన మొదటి ఏళ్ళలో టోంగాలు వలలేసి బాగానే పట్టారు. ఆ జోరు ఎక్కువకాలం లేదు.

నడిమధ్య లోతు నీళ్ళు మాత్రం దాదాపు ఖాళీ. నదిలో పుట్టి పెరిగిన చేపకి అక్కడ బతకడం రాదు. దాంతో 1967-68లో టాంగన్యీకా సరస్సు నుంచి కపెంటా అనే వేలెడు చేపని విమానంలో తెచ్చి వదిలారు. మన నెత్తళ్ళలా ఎండబెట్టుకుని తినే చేప. ఇక ఏటా పిల్లల్ని పోసే పనే లేదు, దానంతటదే పెరిగి సరస్సంతా నిండింది. టర్బైన్లలోంచి కూడా దాటుకుని దిగువన మొజాంబిక్‌లోని కహోరా బాసా రిజర్వాయర్‌లో కాపురం పెట్టింది!

పట్టడం దగ్గరే వచ్చింది తిరకాసు. కపెంటాని రాత్రిపూట లోతు నీళ్ళలో దీపం వెలుగుకి రప్పించి, ఇంజను బల్లకట్టు మీంచి పెద్ద వల దించి పట్టాలి. దానికి పెట్టుబడి కావాలి. అది బయటివాళ్ళ దగ్గరుంది. టోంగా కుర్రాళ్ళు చాలామంది ఆ బల్లకట్ల మీద కూలికి చేరారు.

మన 2013 భూసేకరణ చట్టంలో, ముంపు ప్రాంతంలో చేపల హక్కు ఉన్న గిరిజనులకు రిజర్వాయర్‌లోనూ ఆ హక్కు ఇవ్వాలని రాసుంది. "హక్కు ఉన్న" అన్న మాట దగ్గర ఆగి చూడండి. తాతల నాటి నుంచి వాగుల్లో, గోదావరిలో పడుతున్నాం, సరే. కాగితం ఏది? పాత లైసెన్సులు, సొసైటీ రసీదులు ఎవరింట్లో ఉన్నా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.