ఒంగోలు సుబ్బారావు, మద్రాసు కోర్టు

ఒంగోలువాడు వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) తెలుగు, మరాఠీ, పారశీకం, హిందుస్తానీ, ఇంగ్లీషు వంటి భాషలు పట్టుబట్టి నేర్చాడు. ఈస్టిండియా కుంపిణీ కచేరీల్లో చిన్న కొలువులతో మొదలై, 1815లో మద్రాసు సదర్ అదాలతుకు (కుంపిణీ పెద్ద కోర్టుకు) అనువాదకుడు, దుబాసీ అయ్యాడు.

అక్కడితో మెట్లు అయిపోయాయి.

1793 చార్టర్ చట్టం పెద్ద ఉద్యోగాలను ఇంగ్లండు నుంచి వచ్చే ఒప్పంద సివిల్ ఉద్యోగులకే కట్టబెట్టింది. భాష రాని జడ్జీకి వ్యాజ్యం విప్పిచెప్పేవాడు, జడ్జీ కుర్చీకి మాత్రం పనికిరాడు! చదువుకు గౌరవం దక్కిందనే అనాలి: మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యత్వం వచ్చింది. హోదా మారలేదు. 1829లో అదే కొలువు నుంచి విరమించాడు.

పుట్టుక, రంగు అడ్డుకాకూడదన్న చట్టం 1833లో వచ్చింది. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథ 1873లో మద్రాసులో అచ్చయింది.