ఇంజను మేలుకొలుపు

పల్లెలో స్టార్టరు అనగానే మోటారు గది గోడకు బిగించిన ఇనుప పెట్టె, దానిపై ఆకుపచ్చ, ఎఱ్ఱ మీటలు జ్ఞప్తికి వచ్చును. మీట నొక్కిన నీరు పడును. కరెంటు తీగతో సంబంధము లేని ఇంజనుకు ఈ సౌఖ్యము లేదు. చమురు ఎంత పోసినను అది తనంత తాను కదలదు. గాలిని లోనికి పీల్చి, దానిని అదిమిన పిమ్మట గాని చమురు అంటుకొనదు. అంటుకొన్న గాని చక్రము తిరుగదు. కనుక మొదటి ఒకటి రెండు చుట్లు మఱియొక బలము దానిని త్రిప్పవలెను. ఆ బలము ఎక్కడిది? సెల్ఫు పనిచేయని పవర్ టిల్లరు ముందు నిలిచిన నేటి రైతు ప్రశ్నయు, నూరేండ్ల క్రిందటి రైతు ప్రశ్నయు ఇదియే.

వేదాద్రి గట్టుపై నిలిచి చూచినచో ఈ ప్రశ్న విలువ తెలియును. యోగానంద నరసింహస్వామి సన్నిధి చెంత కృష్ణ పాఱుచున్నది. పైరు మాత్రము పైనున్న మెట్టలో ఉన్నది. డెల్టా రైతులకు 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలకు ఆ భాగ్యము లేదు. ఇచ్చట బావికి మోట, మునియేటికి, పాలేటికి తోడుడు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీరు అందని చేలకు, కరెంటు స్తంభము చేరని బావులకు, ఎద్దుల తరువాత దిక్కైనది ఆయిలింజను.

ఆ యంత్రమును మేల్కొలుపు విధములు పలు తెఱగులు. ఇంగ్లండులో ఆక్రాయిడ్ స్టూవర్టు 1890లో పేటెంటు పొందిన ఇంజనుకు అగ్నియే మేలుకొలుపు. బ్లో లాంపు మంటతో ఇంజను తలను కొన్ని నిమిషములు కాల్చి, అది కాగిన పిమ్మట చక్రమును త్రిప్పెడివారు. 1897లో రుడాల్ఫు డీజిలు జయప్రదముగా నడిపిన ఇంజనులో గాలిని మిక్కిలిగా అదుముటచేతనే చమురు మండును. అందుకే దానిని త్రిప్పుట కష్టతరము. పెద్ద డీజిలు ఇంజనులకు సీసాలలో అదిమి ఉంచిన గాలిని వదలి త్రిప్పిరి. కొన్ని ట్రాక్టర్లకు తుపాకి తూటా వంటి మందుగుండును ప్రేల్చిరి.

లిస్టరు కంపెనీ 1930 ప్రాంతమున తెచ్చిన నెమ్మది ఇంజనుకును, 1946లో స్థాపితమైన కిర్లోస్కరు ఆయిలింజన్ల సంస్థవంటి మన దేశపు కంపెనీల యంత్రములకును చేతి హాండిలే ఆధారము. ఇందులో ఒక ఉపాయము కలదు. వాల్వును మీటతో ఎత్తిపట్టినచో లోని గాలి అదుముడు పడక బయటికి పోవును. చక్రము తేలికగా తిరుగును. బరువైన చక్రము వేగము పుంజుకొనగానే మీటను విడిచెదరు. అంతవఱకు చక్రము కూడబెట్టిన బలము ఒక్కమాఱుగా గాలిని అదుమును, ఇంజను అంటుకొనును. చక్రమే ఇచ్చట బ్యాటరీ.

కాని ఈ పద్ధతికి మూల్యము మనుష్యుని చేయి. ఇంజను ఎదురు తిరిగెనా, హాండిలు వెనుకకు కొట్టి మణికట్టు విఱుగగలదు. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లతో ఒకే ప్రక్కన ఉంచవలెనని అనుభవజ్ఞులు చెప్పుట అందులకే. అంతకన్న గొప్ప లోపము మఱియొకటి. బలిష్ఠుడైన పురుషుడు ఇంట లేనినాడు ఇంజను లేదు. చేను ఎండుచున్నను ఒంటరి స్త్రీ, వృద్ధుడు పొరుగువాని కొఱకు కాచుకొనవలసినదే.

గాస్టన్ ప్లాంటే 1859లో కనుగొన్న సీసపు బ్యాటరీ, 1912లో కాడిలాక్ కారులో చేరిన కెట్టరింగు విద్యుత్ స్టార్టరు ఈ అసమానతను తొలగించినవి. మీట నొక్కుటకు కండ బలము అక్కఱ లేదు. బ్యాటరీ చచ్చినపుడు మొదట నష్టపోవునది కూడ ఆ బలము లేనివారే.

మఱి దాని స్థానమున దేనిని ఉంచవచ్చును? ముందు లెక్క చూతము. చిన్న ఇంజనుకు 12 వోల్టులపై 100 ఆంపియర్లు 3 సెకనులు కావలెననుకొందము. అది 3,600 జౌళ్లు. అనగా 100 లీటర్ల నీటిని సుమారు మూడున్నర మీటర్లు తోడు పని. శక్తి స్వల్పమే, అది మూడు సెకనులలోనే కావలెననుటలో ఉన్నది చిక్కు. టార్చిలైటు బ్యాటరీలు ఎన్ని పేర్చినను స్టార్టరు కదలకుండుట ఇందుచేతనే.

అత్యంత సులభమైన ఉపాయము అదే వోల్టేజిగల మఱొక బండి బ్యాటరీ నుండి తీగలు కలుపుట. చివరి తీగను చచ్చిన బ్యాటరీకి గాక ఇంజను ఇనుముకు తగిలింపవలెను. బ్యాటరీ చెంత నిప్పురవ్వ ప్రమాదకరము. రెండవది సూపర్ కెపాసిటరు. 2.7 వోల్టుల, 500 ఫారడ్ల గదులు ఆఱింటిని వరుసగా కలిపి 14 వోల్టులకు నింపినచో, 10 వోల్టులకు దిగులోపల సుమారు 4,000 జౌళ్లు ఇచ్చును. ఒక ప్రయత్నమునకు చాలును. స్టార్టరును త్రిప్పలేని నీరసపు బ్యాటరీ సైతము దీనిని మెల్లగా నింపగలదు. అయితే గదులన్నిటి వోల్టేజి సమముగా ఉంచు ఏర్పాటు వలయును; రెండు కొనలు తాకినచో లోహము కరగును. మూడవది లిథియం ఐరన్ ఫాస్ఫేటు. 3.2 వోల్టుల గదులు నాలుగైన 12.8 వోల్టులు. దాని రక్షణ సర్క్యూటు స్టార్టరు లాగు ఆంపియర్లకు తాళలేనిదైనచో, నొక్కిన క్షణమే కట్టివేయును.

పాత సీసపు బ్యాటరీని ఇంట విప్పి ఆసిడు, సీసము తాకుట మాత్రము కూడదు. సీసపు ధూళి పిల్లల మెదడుకు విషము. దానిని కొన్న దుకాణమునకే తిరిగి ఇచ్చుట మేలు.

చౌక ఏది, కొత్త ఏది అని మాత్రమే ఎంచుట చాలదని మేము తలంచుచున్నాము. ఇంటిలో మిక్కిలి బలహీనులైన వారు, ఎవరి సాయము లేకయే, దెబ్బ తగులకుండ ఆ ఇంజనును నడిపింపగలరా? మోట నుండి మీట వఱకు సాగిన ఈ చరిత్ర మనకు ఇచ్చు కొలబద్ద అదియే. ఆ కొలతకు నిలిచిన ఉపాయమే మంచి ఉపాయము.