కోపమునకు హితవు: ఒక చరిత్ర

నేను శంషాబాదు ప్రాంతపు బడిపంతులను. ఇప్పుడు విశ్రాంతి గైకొని యున్నాను. మా చేరువ అమ్మపల్లిలో శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయము గలదు. అచ్చట అన్న చెంత నిలిచిన లక్ష్మణుని చూచినపుడెల్ల నాకు కిష్కింధాకాండ జ్ఞప్తికి వచ్చును. కోపమును అణచుకొనుటకై పరుల సాయము కోరుట నేటి పట్టణముల వింత యని పలువురు తలంతురు. అది మిక్కిలి పాత మార్గమని మనవి చేయుటకే ఈ ప్రసంగము.

వానకాలము గడచినను సుగ్రీవుడు మాట నిలుపుకొనకపోగా, లక్ష్మణుడు విల్లు చేబూని కిష్కింధకు వచ్చెను. సుగ్రీవుడు సేనను గాక తారను ఎదురు పంపెను. ఆమె “కోపింపకుము” అని శాసింపలేదు. కోపమునకు కారణమేమని ముందుగా అడిగెను. సుగ్రీవుని తప్పును కప్పిపుచ్చలేదు. సేనలకు పిలుపు వెళ్లినదని తెలిపెను. అడుగుట, వినుట, నిజము నొప్పుకొనుట, త్రోవ చూపుట: నేటి సలహాదారులు చేయునదియు ఇదియే. ఉద్యోగపర్వమున విదురుడును నిద్రపట్టని ధృతరాష్ట్రునకు రాత్రి యెల్ల హితవు చెప్పెను. రాజు వినెను గాని ఆచరింపడాయెను. వినుట వేఱు, అభ్యసించుట వేఱు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను తత్త్వవేత్త సెనెకా కోపమును గూర్చియే మూడు భాగముల గ్రంథము వ్రాసెను. జాగు చేయుటయే దానికి మందనియు, ప్రతిరాత్రియు తన నడతను తానే విచారించుకొనవలెననియు అందు బోధించెను. అమెరికా దేశమున రేమండ్ నొవాకో అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1975లో కోపనిగ్రహమును అభ్యాసరూపమైన చికిత్సగా కూర్చి గ్రంథము ప్రకటించెను. దేహమున పుట్టు వేడిని గుర్తించుట, మనస్సున మెదలు మాటను పరీక్షించుట, ఊపిరిని నెమ్మదింపజేయుట, చిన్న తగవులతో మొదలిడి పెద్దవానికి సిద్ధపడుట, ఇవి అందలి మెట్లు.

మన సీమలో ఈ వైద్యము ఆలస్యముగా వచ్చెను. జాల్నాలోని మానసిక వైద్యశాల 1953లో హైదరాబాదునకు తరలెను. తరువాత చిరకాలము “ఎర్రగడ్డ” యను పేరే జనుల నోట ఎగతాళి మాట యయ్యెను. ఆ సిగ్గు చేతనే పలువురు గడప దాటలేదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలయ్యెను. తెలుగువారును నివసించు బళ్లారి జిల్లాలో దానిని నడిపి చూచి, 1996 నుండి ఇతర జిల్లాలకు వ్యాపింపజేసిరి. 2017 నాటి చట్టము ఈ వైద్యమును పొందు హక్కును, రోగి మాటలను గోప్యముగ నుంచు హక్కును ఇచ్చెను.

ఇక నా మాట. విమానాశ్రయమునకై మా ప్రాంతమున సుమారు 5,500 ఎకరముల నేల పోయెను. 2008 మార్చిలో విమానము లెగిరెను. మిగిలిన నేలకు వెల పెరిగెను, వెలతో పాటు అన్నదమ్ముల తగవులు పెరిగెను. నేను ఒకనాడు గట్టు తగవులో తమ్మునిపై కఱ్ఱ యెత్తితిని. నా మనుమడు మంచము క్రింద దూరెను. ఆ బిడ్డ చూపు నాకు క్రొత్తది కాదు. ముప్పది యేండ్ల క్రిందట నా చేతి దెబ్బ తిని, మరల బడికి రాని యొక బాలుని చూపది.

ఇల్లాలి మాటపై ఒక సలహాదారుకడకు వెళ్లితిని. వయస్సున నా కూతురి వంటిది. “సారూ, చేయి లేచుటకు ముందు దేహమున ఏమి తోచును?” అని యడిగెను. అరువది యేండ్లలో నన్నెవ్వరును అట్లడుగలేదు. చెవులు వేడెక్కునని చెప్పితిని. చెవి వేడెక్కినపుడే లేచి వాకిటికి నడువుమనెను. కొన్ని మాసములు దానినే సాధన చేసితిని.

తరువాత ఆ బాలుని వెదకికొని పోయితిని. ఇప్పుడాతడు నడివయస్కుడు. క్షమింపుమంటిని. కుర్చీ వేసి, “కూర్చుండుడు సారూ” అనెను. అంతకు మించి పలుకలేదు. నేనును అడుగలేదు.

గ్రామపెద్దలారా! తగవు తీర్చుటకు మీకడకే వత్తురు. ఇంట దెబ్బలు తిను స్త్రీని “సర్దుకొనుము” అని మరల పంపకుడు. ముందుగా ఆమెకు రక్షణ కల్పింపుడు. కొట్టువానిని తీర్పుతో విడువక వైద్యునికడకు పంపుడు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును. నా కోపము పోలేదు. కాని వచ్చుచున్నదని ముందే తెలియుచున్నది. నా మనుమడిప్పుడు నా ప్రక్కనే కూర్చుండి అన్నము తినును. సెలవు.