మహేంద్రతనయ నుండి డుడుమ దాక

మార్గశిరమాసమున, వరికోతలు ముగిసి పనలు కళ్లములకు చేరుచున్న దినములలో, మేము నలుగురము బరంపురము నుండి కారులో బయలుదేరితిమి. మా ఉద్దేశము జలపాతములను చూచుట. శీతకాలమున జలపాతములందు చూచుటకేమి ఉండునని ఇంట పెద్దలు పరిహసించిరి. వానకాలమున ఆ కొండదారులు నమ్మదగినవి కావు. చలికాలమున నీరు తగ్గినను బాట గట్టిగా నుండును. తీరా మూడు దినములు తిరిగి వచ్చిన పిదప, మా మనస్సులో నిలిచినవి జలపాతముల కంటె దారిలోని ఊళ్లే. ఆ ఊళ్లలో ఒక మహనీయుని పేరు పదేపదే మాకు ఎదురగుచు వచ్చినది.

ఇచ్ఛాపురము చెంత రాష్ట్రపు సరిహద్దు దాటితిమి. 1936 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఇచట అట్టి సరిహద్దే లేదు. బరంపురము, పర్లాకిమిడి, రాయగడ, జయపురము అన్నియు నాటి మద్రాసు రాజధానిలోని గంజాము, విశాఖపట్టణము జిల్లాలకు చెందినవే. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడిన ఆ దినమున మన పెద్దలు ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రవాసులైరి.

టెక్కలి దాటి, వంశధార ఒడ్డుననున్న శ్రీముఖలింగమునకు మధ్యాహ్నమునకు చేరితిమి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును తూర్పు గాంగుల నాటివి. గాంగుల రాజధానియైన కళింగనగరము ఇదియేనని ఇచటి శాసనములను చదివి లోకమునకు తెలిపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863లో ఈ ప్రాంతమందలి పర్వతాలపేటలోనే జన్మించి, 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఆయన పుట్టిన ఊరిప్పుడొక రాష్ట్రమునను, పనిచేసిన ఊరు వేరొక రాష్ట్రమునను ఉన్నవి.

పర్లాకిమిడిలో ఆ రాత్రి బసచేసితిమి. మరునాడు గురువారము. తెల్లవారుజామున మంచులో వీధుల వెంట నడచితిమి. ప్రతి గుమ్మము ముందును తడి బియ్యపుపిండితో ముగ్గులు, లక్ష్మీదేవి పాదములు. మార్గశిర గురువారమున ఒడియావారు లక్ష్మిని కొలుతురు. మనవారికిని అదే మార్గశిర లక్ష్మీవారవ్రతము. ఏ ఇల్లు ఎవరిదో ముగ్గును చూచి చెప్పుదమని పందెము వేసికొని, నలుగురమును ఓడితిమి.

ఊరి చెంత మహేంద్రగిరి నుండి దిగివచ్చు మహేంద్రతనయ పారుచున్నది. నౌపడ నుండి ఈ ఊరికి రాజావారి చిన్నరైలు 1900లో వచ్చినది. ఇరుకు పట్టాలు పోయి ఇప్పుడు పెద్ద పట్టాలు పడినవి. ఇచట ఉండియే రామమూర్తి పంతులుగారు సవరలను ఇంటికి పిలిచి, అన్నము పెట్టి, వారి నోట వారి భాషను నేర్చిరి. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టిరి. మన్యపు జ్వరమునకు మ్రింగిన క్వినైను వలన ఆయన వినికిడి చెడినది. చెవిని నమ్ముకొని భాషను వ్రాసికొను పండితునకు చెవియే పోవుట ఎంతటి కష్టము! అయినను 1931లో సవర భాషపై ఆయన గ్రంథము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గూర్చి మేమిట్లు గ్రాంథికచ్ఛాయలో వ్రాయుట అపచారమే; సంచికల మర్యాద అట్టిది, క్షమింతురుగాక. పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చుట ఆయనకు సమ్మతము కాలేదు. 1936లో, అయిదు దశాబ్దులకు పైగా కాపురమున్న ఊరిని విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. అదే 1936లో సవరలలోనే పుట్టిన మంగేయి గొమాంగో తన భాషకొక లిపిని కల్పించుట చిత్రమైన సంగతి.

గండహాతి జలపాతము వద్ద గడిపినది ఒక గంట మాత్రమే. నీరు సన్నగిల్లియుండెను, కోతులు మా అరటిపండ్లను ఒక్కటియు మిగుల్చలేదు.

గుణుపురములో టీ త్రాగుటకు ఆగిన అంగడి యజమాని మా మాట విని తెలుగున పలుకరించెను. మేము బరంపురము వారమని తెలిసికొని, "అయ్యా, కొంచెము కూర్చోండి," అని లోపలికి పోయి అట్ట చినిగిన పాత చిట్టా పుస్తకమొకటి తెచ్చెను. అది ఆయన తాతగారిది. తాను బడిలో ఒడియాయే చదివితిననియు, ఇంట మాటలాడునది తెలుగే అయినను అక్షరము రాదనియు చెప్పి, అందేమున్నదో చదివి వినిపింపుమనెను. మేము చదివితిమి. చింతపండు, అడ్డాకులు, కందులు, బండి కిరాయి, ఎవరికో ఇచ్చిన చేబదులు, అంతియే. ఆయన ప్రక్కన నిలిచిన కుమారుడు మేము చదువుచుండగా ఒక్కొక్క పద్దును ఒడియా లిపిలో వ్రాసికొనెను. చేబదులు తీర్చినట్లు ఎచటనైనను ఉన్నదా యని ఆయన రెండుసార్లడిగెను. లేదు. ఆ పుస్తకమున ఇంకను వందకు పైగా పుటలుండెను. మాకున్న వ్యవధి అరగంట. వాటిని చదువక వచ్చితిమను కొరత మమ్ము ఇంకను బాధించుచున్నది. మన సంఘములు ఏటేట సన్మానములకు చేయు వ్యయములో కొంత మిగిల్చి, ఇట్టి ఊళ్లలో వేసవి నెలలోనైనను అక్షరములు నేర్పు ఏర్పాటు చేయరాదా?

రాయగడ వద్ద నాగావళిపై హాతిపథర్ జలపాతమును, ఏనుగులవలె పండుకొనిన బండలను చూచి, చీకటి పడిన పిమ్మట జయపురము చేరితిమి. ఈ ఊరికి విక్రమదేవవర్మ మహారాజుగారి వలన కీర్తి. వారు 1869లో జన్మించి, 1931లో గద్దెనెక్కి, 1951లో పరమపదించిరి. ఒడియాలోను తెలుగులోను కవులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల విరాళమును ఏర్పాటు చేసిరి. ఆ పరిషత్తులోని విజ్ఞాన కళాశాల వారి పేరనే వెలసినది. 1947లో జయపురమున నెలకొన్న కళాశాలయు వారి పేరిటిదే. రెండు భాషలలో ఏది తనదని ఆయనను అడిగిన యెడల ఏమనెడివారో!

మూడవనాడు జయపుర రాజుల పూర్వ రాజధానియైన నందపురమున ముప్పదిరెండు మెట్ల రాతి సింహాసనమును చూచి, డుడుమకు పోయితిమి. మాచకుండ్ నది అచట 500 అడుగులకు పైగా ఒక్క పెట్టున లోయలోనికి దూకును. నీటిని విద్యుత్తుకై మళ్లించుటచే శీతకాలపు ధార పలుచన. పొగమంచు తొలగువరకు మాకు చప్పుడే వినబడినది. ఉభయ రాష్ట్రములు కలసి నిర్మించిన జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించినది. దీనికి నీరిచ్చు జలాపుట్ జలాశయము క్రింద ఎన్నో గిరిజన గ్రామములు మునిగిపోయినవి.

ఇచట ఏరే సరిహద్దు. మాచకుండ్ దిగువకు పోయి సీలేరనిపించుకొని శబరిలో కలియును. శబరి గోదావరిలో కలియును. మేము నిలిచిన బండ క్రిందుగా పోవు నీరు కొన్నాళ్లకు రాజమహేంద్రవరపు రేవులను తాకును. పర్లాకిమిడి విడిచిన పంతులుగారు చేరుకొన్నది ఆ ఊరినే. మంచు మరల క్రమ్ముకొనుచుండగా కారు దీపములు వెలిగించుకొని ఘాటు దిగితిమి.