కువైట్‌కు ఫ్లైట్‌లో 5 గంటలే.. మరి ప్రొద్దుటూరు ఇంటి నుంచి ఎంత?

కడప ఎయిర్‌పోర్ట్ 2015లో మొదలైనా, అక్కడి నుంచి కువైట్‌కు ఫ్లైట్ లేదు. అందుకే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లు చెన్నై, బెంగళూరు, శంషాబాద్‌లో ఏదో ఒకటి పట్టుకోవాల్సిందే.

గాల్లో నేరుగా చూస్తే కువైట్ శంషాబాద్ నుంచి సుమారు 3,370 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి 3,540, చెన్నై నుంచి 3,775. డైరెక్ట్ ఫ్లైట్ అయితే నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలు. శంషాబాదే దగ్గర కదా అనిపిస్తుంది. కానీ జమ్మలమడుగు నుంచి అక్కడికి రోడ్డే 300 కిలోమీటర్ల పైన. పులివెందుల వాళ్లకైతే కదిరి మీదుగా బెంగళూరు ఎయిర్‌పోర్ట్ దాదాపు 200 కిలోమీటర్లే.

అసలు తిప్పలు టికెట్ మీద తేదీతోనే. 14వ తేదీ 01:30 అని ఉంటే, అది 13 రాత్రి దాటాక వచ్చే ఒకటిన్నర. 14 సాయంత్రం బయల్దేరితే ఫ్లైట్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది, టికెట్ డబ్బులూ పోయినట్టే! మూడు గంటల ముందే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి కాబట్టి, చెన్నైలో ఎక్కేవాళ్లు ప్రొద్దుటూరులో 13 మధ్యాహ్నమే కదలాలి.

ఇంకోటి, టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. చెన్నైలో రాత్రి ఒకటిన్నరకు ఎక్కి ఐదున్నర గంటలు ప్రయాణించినా, అక్కడ దిగేసరికి తెల్లవారుజామున నాలుగున్నరే. తిరిగొచ్చేటప్పుడు రివర్స్. అక్కడ రాత్రి 10కి ఎక్కితే, 5 గంటల ప్రయాణం తర్వాత చెన్నైలో దిగేది మర్నాడు ఉదయం ఐదున్నరకు. కారు పంపే ఇంట్లోవాళ్లకు ఎక్కే తేదీ కాదు, దిగే తేదీ చెప్పండి.