గుండ్ల కొండకు బొమ్మ కట్టిందెవరు?

అనంతపురం జిల్లాలో ఏ బడికైనా పోయి పిల్లల్ని కొండ గీయమనండి. రెండు త్రికోణాలు, వాటి సందులో సగం సూర్యుడు, అక్కణ్నుంచి కిందికి జారే ఏరు, ఒడ్డున ఓ కొబ్బరిచెట్టు. డ్రాయింగు మాస్టరుగా నా ఉద్యోగమంతా ఆ త్రికోణాలు దిద్దడంతోనే సరిపోయింది. నేను చెప్పింది గుత్తిలో. తరగతి కిటికీలోంచి చూస్తే ఎదురుగా దుర్గం. దానికి మొన లేదు, దాన్నుంచి ఏరూ పారదు. సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఏ ఏడు వస్తుందో ఏ ఏడు ఎగ్గొడుతుందో తెలియని సీమ ఇది. అయినా పిల్లల కాగితాల మీద మాత్రం ఏరు నిండుగా పారుతుంది.

సెలవుల్లో నేను రంగులపెట్టె పట్టుకుని గుట్టల పక్కన కూర్చుంటాను. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు ఆగి అడిగే మాట ఎక్కడైనా ఒకటే. "ఏం సార్, కొలతలు తీస్తాండారా? క్వారీ వస్తాదా?" బొమ్మ వేస్తున్నానంటే నమ్మరు. వాళ్లను తప్పు పట్టలేం. ఈ నేలలో కొండను తేరిపార చూసినవాడెవడూ ఊరికే చూడలేదు. ఒకడు దేవుడి కథ కోసం చూశాడు, ఒకడు యుద్ధం కోసం, ఒకడు శిస్తు కోసం. బొమ్మలు గీసినవాళ్లదీ అదే దారి.

పాతకాలం పని చూడాలంటే లేపాక్షికి పోవాలి. విజయనగరం అచ్యుతరాయల కాలంలో, 1530ల నాటికి, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం అది. గుడి నిలిచిందే తాబేలు వీపులాంటి బండ మీద. కూర్మశైలం అంటారు. మండపాల పైకప్పుకు సున్నపు గచ్చు పూసి, దాని మీద చిత్రకారులు కథలు రాశారు. అందులో కిరాతార్జునీయం ఉంది. అర్జునుడు ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేయడం, మూకాసురుడు పంది రూపంలో మీదికి రావడం, బోయవాడి వేషంలో శివుడు తరమడం. కథంతా కొండ మీదే జరుగుతుంది. కానీ మెడ ఎత్తి ఎంతసేపు చూసినా కళ్లు పంది మీద, చీరల అంచుల మీద, పక్కకు తిరిగిన ముఖాల్లోని పెద్ద కళ్ల మీదే ఆగుతాయి. కొండ కథకు చోటు చూపించే గుర్తు మాత్రమే. ఆ అంచుల నమూనాలు తర్వాత చీరల మీదికి ఎక్కాయి. కొండ ఎక్కడికీ ఎక్కలేదు.

రంగుల విషయంలో మాత్రం ఆ చిత్రకారులకు నేను రుణపడి ఉన్నాను. అక్కడ నీలం దాదాపు కనిపించదు. జాజు ఎరుపు, మట్టి పసుపు, మసి నలుపు, సున్నం తెలుపు, కాస్త ఆకుపచ్చ. గుడి బయటికొచ్చి చుట్టూ చూడండి, ఎండాకాలంలో మన కొండకు కావలసిన రంగులు సరిగ్గా అవే. దుకాణంలో కొన్న పెట్టెలో నీలం గొట్టాలు నిండుగా మిగిలిపోవడం, ఎర్రమట్టి రంగు ముందే అయిపోవడం ఇక్కడ బొమ్మలు వేసేవాడికి మామూలే.

కొండను కొండగానే చూసి గీసింది తెల్లవాళ్ల సైన్యం వెంట వచ్చినవాళ్లు. టిప్పు సుల్తాను మీద కారన్‌వాలిస్ దండెత్తినప్పుడు రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు పటాలంతోపాటు నడిచాడు. అతని మైసూరు దృశ్యాల పుస్తకం 1794లో అచ్చయింది. 1791 అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న నందిదుర్గం హిందూపురానికి దక్షిణాన ఎంతో దూరం లేదు. మన పెన్న పుట్టేది ఆ కొండల్లోనే. ఆనాటి దుర్గాల బొమ్మల్లో అందం ఉంది, కాదనను. కానీ ఏ వైపు నిటారుగా ఉంది, ఏ వైపు మనిషి ఎక్కగలడు అన్న లెక్క కూడా ఉంది. దుర్గాన్ని పట్టేవాడికి అదే ముఖ్యం. మా గుత్తి సంగతే చూడండి. 1776లో హైదరాలీ ముట్టడికి కోట ఏలుతున్న మురారిరావు నెలల తరబడి తట్టుకున్నాడు, చివరికి లొంగిపోయింది పైన నీళ్లు అడుగంటడం వల్ల. కొండ బొమ్మలో నీటి దొన ఎక్కడుందో గుర్తు పెట్టినవాడు సగం యుద్ధం గెలిచినట్టే.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక పని యుద్ధం నుంచి శిస్తుకు మారింది. కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మైసూరులో, దత్తమండలాల్లో సర్వేలు నడిపించాడు. అతని దగ్గర పనిచేసినవాళ్లలో మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఊరూరా కైఫీయతులు, శాసనాలు సేకరించారు. పటాలు గీసినవాళ్లలో మద్రాసులో 1794లో మొదలైన సర్వే బడిలో తర్ఫీదు పొందిన కుర్రాళ్లు చాలామంది. అనాథ శరణాలయం నుంచి తెచ్చిన పిల్లలు. వాళ్లు కొండను పై నుంచి చూసినట్టు గీసేవారు. వాలు పొడుగునా సన్నసన్న గీతలు, వాలు ఎక్కువైన చోట గీతలు ఒత్తుగా. థామస్ హికీ 1816లో వేసిన మెకంజీ చిత్రంలో కూడా వెనక ఒక కొండ, దాని మీద గోమటేశ్వరుడు ఉంటారు. మెకంజీ పక్కన ముగ్గురు భారతీయులు. కొండలు కొలిచినవాడికి కొండే తెర అయింది.

ఇక మనవాళ్లు గీసిన కొండ ఇంకొకటుంది, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో. మరాఠీ మూలాలున్న తోలుబొమ్మల కుటుంబాల ఊరు అది. మేకతోలును పలచగా గీకి, ఆరబెట్టి, చిన్న ఉలితో చుక్కచుక్కగా చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగు అద్దుతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. దీపం ముందు హనుమంతుడు సంజీవని కొండను ఎత్తుకుని వస్తే చిల్లుల్లోంచి వెలుగు చిమ్ముతుంది. ఆ కొండ అరచేతిలో ఇమిడేంత. దాని మీద చెట్లూ మందులూ. కరువు సీమ కళాకారుడు కొండంటే పచ్చగానే ఊహించుకున్నాడన్నమాట, మా బడి పిల్లల్లాగే.

కొండల కోసమే బతికిన చిత్రకారులు లేకపోలేదు. రష్యా నుంచి వచ్చిన నికొలస్ రోరిక్ కులూ లోయలో నగ్గర్‌లో కాపురముండి 1947లో పోయేదాకా హిమాలయాలు వేస్తూనే ఉన్నాడు. అతని కొడుకు స్వెతొస్లావ్ వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణిని పెళ్లాడి బెంగళూరులో స్థిరపడ్డాడు. మన తెలుగు నేలలో దామెర్ల రామారావు గోదావరి దృశ్యాలు వేశాడు, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. మంచుకూ నదికీ చిత్రకారులు దొరికారు. ఎండిన గుండ్లకు దొరకలేదు.

గుండ్లు గీయడం కష్టమని కాదు. వాటి పుట్టుక తెలిస్తే చెయ్యి అదే సాగుతుంది. ఇవి ఎక్కణ్నుంచో దొర్లి వచ్చినవి కావు. 250 కోట్ల ఏళ్లు దాటిన రాయి నిలువుగా, అడ్డంగా నెర్రెలు ఇచ్చింది. నేల లోపలే ఆ నెర్రెల్లోకి నీరు దిగి మూలలు కుళ్లిపోయాయి. పై మట్టి కొట్టుకుపోయాక గుండ్రటి నడిభాగాలు ఒకదాని మీద ఒకటి మిగిలాయి. కాబట్టి ముందు తిన్నని నెర్రెలు గీసుకోవాలి, తర్వాత మూలలు తిప్పాలి. వాన జారిన చోట నల్లటి చారలు, పొర ఊడిన చోట లేత గులాబీ. పొద్దు వాలే వేళ నీడ వేలెడు జరిగేలోగా రంగు ఆరిపోతుంది, అందుకని కాగితం వెనక తడిగుడ్డ పరుచుకోవాలి.

ఈ పని ఇప్పుడు చేయకపోతే తర్వాత చేయడానికి కొండ ఉండకపోవచ్చు. నేను వేసుకున్న గుట్టల్లో కొన్ని ఇప్పుడు కంకరై రోడ్ల కింద ఉన్నాయి. గొర్రెలకాపరి అడిగిన ప్రశ్న తమాషా మాట కాదు. అందుకే నాకు ఒకటే కోరిక. ప్రతి హైస్కూలూ తన కిటికీలోంచి కనిపించే గుట్టను ఏడాదికోసారి పిల్లలతో గీయించి, కింద ఊరి పేరు, తేదీ రాయించి బీరువాలో పెట్టాలి. సర్వే కుర్రాళ్లు కంపెనీ కోసం చేసిన పనే, ఈసారి ఊరి కోసం. త్రికోణం గీసిన కాగితానికి మార్కులు వేయకపోతే చాలు, రెండో వారానికల్లా వాళ్లే కిటికీ వైపు తిరుగుతారు.