బ్యాంకుల ఉమ్మడి వేతన ఒప్పందాలు

డిపాజిట్ల కోసం, ఖాతాదారుల కోసం పోటీపడే భారతీయ బ్యాంకులు సిబ్బంది జీతాల దగ్గరికి వచ్చేసరికి ఒక్కటవుతాయి. అందరి తరఫునా ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ (ఐబీఏ) ఉద్యోగ సంఘాలతో బేరమాడుతుంది. ఇలా కుదిరేదే ద్వైపాక్షిక ఒప్పందం. ఉద్యోగుల వాడుకలో బైపార్టైట్. ఐబీఏ 1946 సెప్టెంబరు 26న 22 బ్యాంకులతో ఏర్పడింది. ఒప్పందంలో చేరదలచిన బ్యాంకు ముందుగా దానికి అధికారపత్రం ఇస్తుంది.

ఈ పద్ధతి తేలిగ్గా రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో జీతాల తగవులన్నీ ట్రిబ్యునళ్లకే వెళ్లేవి. సేన్ ట్రిబ్యునల్ తీర్పు చెల్లదని 1951లో సుప్రీంకోర్టు తేల్చింది. 1953లో శాస్త్రి ట్రిబ్యునల్ మరో తీర్పు ఇచ్చింది. దానిపై అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పిన నిర్ణయాన్ని 1954లో కేంద్ర ప్రభుత్వం మార్చడంతో కార్మిక మంత్రి వి.వి. గిరి పదవి వదులుకున్నారు. యాజమాన్యమూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్నదే నిలుస్తుందని ఆయన గట్టిగా నమ్మారు. తెలుగువారు గర్వంగా చెప్పుకోదగిన రాజీనామా అది. 1962లో దేశాయ్ ట్రిబ్యునల్ తీర్పు కూడా వచ్చాక, 1966 అక్టోబరు 19న మొదటి ద్వైపాక్షిక ఒప్పందం కుదిరింది. గిరి కోరిన దారిలోకి బ్యాంకులు వచ్చాయి. 1969 జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసిందీ ఆయనే.

మొదట్లో ఒప్పందాలు క్లర్కులకు, సబార్డినేట్ సిబ్బందికే వర్తించేవి. పిళ్లై కమిటీ సిఫారసుల మీద 1979 జులై 1 నుంచి జాతీయ బ్యాంకుల ఆఫీసర్లకూ ఒకే స్కేళ్లు వచ్చాయి. కంప్యూటర్ల రాకపై 1983లో, పింఛనుపై 1993లో విడిగా ఒప్పందాలు జరిగాయి. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు రెండు చోట్లా ఒకే స్కేళ్లు ఉండటం పెద్ద వెసులుబాటు.

నియామకాల్లోనూ ఈ కలయిక ఉంది. 1975లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంక్ మేనేజ్‌మెంట్‌లో ఒక విభాగంగా మొదలైన ఎంపిక సేవ 1984లో ఐబీపీఎస్ అనే స్వతంత్ర సంస్థ అయింది. 2011 నుంచి అది జరిపే ఉమ్మడి రాతపరీక్ష, బ్యాంకు బ్యాంకుకూ ఫీజు కట్టి పరీక్ష రాసే బాధను నిరుద్యోగులకు తప్పించింది. స్టేట్ బ్యాంకు మాత్రం తన పరీక్ష తానే పెట్టుకుంటుంది.

లాభాల్లో ఉన్న బ్యాంకుకూ నష్టాల్లో ఉన్నదానికీ ఒకే జీతమా అన్న ప్రశ్న పాతదే, న్యాయమైనదే. 2020 నవంబరు నాటి ఒప్పందం బ్యాంకు పనితీరును బట్టి ఇచ్చే ప్రోత్సాహకాన్ని చేర్చి దానికి కొంత జవాబు చెప్పింది. జాప్యం మాత్రం పోలేదు. 2022 నవంబరు నుంచి అమలు కావలసిన పన్నెండో ఒప్పందంపై 2024 మార్చి 8న గానీ సంతకాలు పడలేదు. అందులో పెంపు 17 శాతం. శనివారాలన్నీ సెలవు కావాలన్న కోరికకు ఐబీఏ కూడా సరేనన్నా, అమలుకు ప్రభుత్వ ఆమోదం కావాలి.